ఆపదకు ముందే అభ్యాసము

తిరుపతి నుండి శ్రీకాళహస్తికి పోవు మార్గమున ఏర్పేడు అను ఊరు కలదు. నేడు ఐ.ఐ.టి. మొదలగు విద్యాసంస్థలకు నెలవైన ఆ ఊరు, 2017 ఏప్రిల్ 21వ తేదీన ఒక ఘోర దుర్ఘటనను చూచినది. ఇసుక త్రవ్వకములపై మొర పెట్టుకొనుటకు మునగలపాళెం రైతులు పోలీసు స్టేషను ఎదుట గుమికూడి యుండగా, అదుపు తప్పిన లారీ ఒకటి విద్యుత్ స్తంభమును ఢీకొని జనముపైకి దూసుకొనివచ్చినది. పదిమందికి పైగా మరణించిరి. గాయపడినవారిని తిరుపతి ఆసుపత్రులకు తరలించిరి.

శ్రోతలారా, ఇట్టి సమయమున ఆసుపత్రి పరిస్థితి ఎట్లుండునో ఒక్కసారి ఊహింపుడు. నిత్యము రోగులు ఒకరి వెనుక ఒకరు వత్తురు. ఆపద నాడు అందరు నొక్కసారిగా వత్తురు. ఒకరికి ఎముక విరిగినది, ఒకరికి విద్యుదాఘాతము, ఒకరికి స్పృహ లేదు. వారి వెంట బంధువులు, వారి వెనుక జనసమూహము. అప్పుడు గేటు ఎవరు తీయవలెను? స్ట్రెచర్లు ఎవరు తేవలెను? రక్తనిధికి కబురు ఎవరు పంపవలెను? ఈ ప్రశ్నలకు జవాబు అప్పుడు వెదకుట, ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది.

అన్నిటికంటె కష్టమైన పని క్షతగాత్రుల వర్గీకరణము. ముందు వచ్చినవారికి గాని, బిగ్గరగా ఏడ్చువారికి గాని ముందు చికిత్స చేయుట ఇచ్చట చెల్లదు. ఆలస్యమైనచో ప్రాణము పోవువారికి ఎరుపు గుర్తు, కొంత తాళగలవారికి పసుపు, నడవగలవారికి ఆకుపచ్చ, మరణించినవారికి నలుపు గుర్తు వేయుదురు. చేయి విరిగి కేకలు వేయుచు నడచి వచ్చినవానికంటె, నిమిషమునకు ముప్పదికి మించి ఊపిరి తీయుచు మౌనముగా పడియున్నవాని యొద్దకు ముందు పోవలెను. విద్యుదాఘాతము తగిలినవానికి పైకి చిన్న గాయమే కనిపించినను, గుండె లయ తప్పవచ్చును గనుక కనిపెట్టి యుండవలెను. వినుటకు ఇది సులభమే; బంధువుల రోదనల నడుమ ఆచరించుటకు అభ్యాసము కావలెను.

మరి సిబ్బంది యందరికిని ఈ అభ్యాసము కలిగించుట ఎట్లు? వార్డులను ఖాళీచేసి అందరు నొకేసారి శిక్షణకు పోజాలరు. ఇచ్చటనే ఆన్‌లైన్ శిక్షణ అక్కరకు వచ్చుచున్నది. రాత్రి డ్యూటీ ముగించిన నర్సు సైతము తీరిక వేళ తన ఫోనులో పాఠము చూడవచ్చును. తెరపై క్షతగాత్రుని చూపి, ‘ఇతనికి ఏ గుర్తు?’ అని అడుగుదురు. అచ్చట పొరపాటు చేసినను ఎవరి ప్రాణమును పోదు. తప్పు దిద్దుకొనుటకు అవకాశముండును. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు కేంద్రప్రభుత్వము దీక్షా వేదికపై ఐగాట్ పాఠములను ఈ విధముగనే అందించినది.

ఈ పాఠములు వైద్యులకు, నర్సులకు మాత్రమే గాక, కావలివారికి, వార్డుబాయ్‌లకు, ఆక్సిజన్ చూచుకొనువారికి కూడ అవసరము. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయము కలిగి, అధికారుల ప్రకటన మేరకు 11 మంది మరణించిరి. ఆపద ఎల్లప్పుడును బయటినుండియే రాదు.

అయినను తెర అన్నిటిని నేర్పజాలదు. ఆగిన గుండెను నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కవలెనని పాఠము చెప్పును. ఎంత బలముగా నొక్కవలెనో బొమ్మపై చేతులుంచినపుడే తెలియును. కావున పాఠము వెంట మాక్ డ్రిల్లు తప్పనిసరి. డ్రిల్లులో బయటపడిన లోపమే మరుసటి పాఠము కావలెను. మన రాష్ట్రమున గన్నవరము చేరువ కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణము 2025 జనవరిలో ప్రారంభమైనది.

గృహస్థులమైన మనకును ఇందు పాలు కలదు. 108 వాహనమునకు దారి విడుచుట, క్షతగాత్రుని వెంట కుటుంబమునకు ఒక్కరే పోవుట, పిలుపు వచ్చినప్పుడు రక్తదానమునకు వెళ్లుట—ఇవి మన వంతు. పక్కనున్న వానికి ముందు చికిత్స జరిగినచో అది పక్షపాతము కాదని గ్రహించుటయు ఒక సహాయమే. ఆసుపత్రి సిబ్బంది తమ పాఠము నేర్చుకొనుచుండగా, మనము మన పాఠము నేర్చుకొందము.