సాగరకన్యకు సంధి ఎక్కడ?

నోటుపుస్తకపు చివరిపుటలో సాగరకన్య బొమ్మ గీయబూనిన పసిపిల్లను కొంతసేపు ప్రక్కన కూర్చుండి గమనింపుడు. ముఖము, విరబోసిన జుట్టు, రెండు చేతులు, ఇంతవరకు పెన్సిలు నిరాఘాటముగా సాగును. అడుగున చేపతోకను విసనకఱ్ఱవలె విప్పుటయు కష్టము కాదు. నడుముదగ్గఱకు వచ్చునప్పటికి మాత్రము చేయి ఆగిపోవును. అచ్చట అడ్డగీత గీచి దిగువనుండి పొలుసులు మొదలుపెట్టినచో అమ్మాయి చేపతోకను పరికిణీవలె కట్టుకొన్నట్లుండును; గీత గీయకున్నచో చర్మమెక్కడ ముగిసినదో, పొలుసెక్కడ ఆరంభమైనదో తెలియక బొమ్మ అంతయు అలుక్కుపోవును. మా యింటి పిల్ల ఒకతె ఈ చిక్కును అచ్చటనొక వడ్డాణము పెట్టి తీర్చుకొన్నది. అది చూచి నవ్వినాను గాని, తరువాత ఈ విషయమునుగూర్చి చదివినకొలదిని, సినిమాలు చూచినకొలదిని, శతాబ్దులుగా శిల్పులును, చిత్రకారులును, కథకులును, స్టూడియోలలో రబ్బరుతోకలు పోతపోయువారును పడుచున్న పాట్లన్నియు ఆ వడ్డాణము చుట్టునే తిరుగుచున్నవని నాకు తోచినది.

రెండు వర్ణములు కలిసినప్పుడు కలుగు మార్పును మన వైయాకరణులు సంధి యన్నారు. ఒక్కొక్కచో ఒక వర్ణము లోపించును. ఒక్కొక్కచో రెంటికిని నడుమ మూడవది ఆగమమై వచ్చి నిలుచును. కలియవలసినచోట కలియకున్నచో ఆలంకారికులు దానిని విసంధి యని దోషముగా నెంచిరి. వనితకును మీనమునకును గల సంధినిగూర్చియు ఇట్లే విచారింపవచ్చును. ఆ సంధి శరీరమున ఎచ్చట పడినదో చూచినచో, ఆ బొమ్మను చేసినవాడు ఆమెనుండి ఏమి కోరినాడో చాలవఱకు బోధపడును.

పాశ్చాత్యుల సాగరకన్యకు పూర్వికులని చెప్పదగిన గ్రీకు సైరెనులకు మొదట చేపతోక లేనే లేదు. తమ గానముతో నావికులను మృత్యుముఖమునకు ఈడ్చు ఆ స్త్రీల దేహమెట్టిదో హోమరు వర్ణింపలేదు. గ్రీకు కలశములమీది చిత్రకారులు మాత్రము వారిని పక్షిదేహమునకు స్త్రీశిరస్సు తగిలించి చూపిరి. చేపతోక గల సైరెను 7, 8 శతాబ్దుల నాటి ఒక లాటిను వింతజీవుల గ్రంథమున స్పష్టముగా కనబడును. మధ్యయుగపు చర్చిస్తంభములపై చెక్కిన శిల్పులలో కొందఱు ఆమెకు రెండు తోకలిచ్చి, ఒక్కొక్క చేత ఒక్కొక్క తోకను పట్టించి నిలిపిరి. కాళ్లు రెండయినప్పుడు తోక ఒకటెట్లగునను సందేహమునకు అది వారి సమాధానము కాబోలు. ఆ రెండుతోకల స్త్రీయే ఈనాడు స్టార్‌బక్స్ కాఫీ గ్లాసులమీద ఆకుపచ్చని ముద్రయై హైదరాబాదులోను చేతులు మారుచున్నది.

జపానువారి నింగ్యో మఱియొక తెఱగు. ప్రాచీన జపాను చిత్రములలో అది తఱచుగా మనుష్యముఖము గల చేప. సంధి నడుమున గాక మెడయొద్ద పడినది. దాని మాంసము తిని ఎనిమిదివందల యేండ్లు జీవించిన సన్యాసిని కథ ఆ దేశమున ప్రసిద్ధము. దీనినిబట్టి చూడగా, సంధి మెడయొద్దనున్న ప్రాణి వంటయింటికి చేరునేగాని ప్రణయకథకు నాయిక కాజాలదని తోచుచున్నది. బెల్జియము చిత్రకారుడు మాగ్రిట్ 1934లో ఈ వ్యవస్థను తలక్రిందులుచేసి, మీద చేపయు క్రింద స్త్రీ కాళ్లును గల ప్రాణిని సముద్రతీరమున పరుండబెట్టినాడు. అవయవములన్నియు మనకు పరిచితములే. కాని దానిని చూచినవానికి ప్రేమింపబుద్ధియు పుట్టదు, తినబుద్ధియు పుట్టదు. మనకు మత్స్యావతారమున్నది. తిరుపతి ప్రాంతపు నాగలాపురమున వేదనారాయణస్వామి మూలవిరాట్టునకు పాదముల చోట మత్స్యరూపమున్నది. అయినను స్వామి ఎట్లు నడచునని ఏ భక్తుడును అడుగడు. ఆ ప్రశ్న ఉదయించుటకు డెన్మార్కులో ఒక కథకుడు పుట్టవలసివచ్చినది.

హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ప్రకటించిన చిన్ని సాగరకన్య కథను సినిమాద్వారా మాత్రమే ఎఱిగినవారికి అందులోని తోక ఎంత చిత్రమైనదో తెలియదు. సముద్రరాజుగారి యింట తోక ఒక హోదాచిహ్నము. రాజమాత తన తోకకు పండ్రెండు ముత్యపుచిప్పలు తగిలించుకొని తిరుగును. తక్కిన కులీనస్త్రీలకు ఆఱింటికే అనుమతి. పదునైదవయేట పైలోకము చూడబోవు చిన్న మనుమరాలి తోకకు అవ్వగారు ఎనిమిది చిప్పలు కఱపించును. పిల్ల నొప్పియని మొఱపెట్టగా, గొప్పయింటి పుట్టుకకు నొప్పి తప్పదని ఆమె సమాధానము. మన యిండ్లలో చెవులు కుట్టించునాడు వినబడు మాటయే గదా యిది! పిమ్మట ఆ అవ్వయే మఱియొక సత్యమును చెప్పును: నీటిలో మనకు అందమైన తోకయే నేలమీదివారికి అసహ్యము, సొగసుగా కనబడవలెనన్నచో అచ్చట రెండు మొద్దుకఱ్ఱలవంటి ఊతలుండవలెనట, వానికి వారు కాళ్లని పేరిడిరట. ఇంత చల్లగా మానవసౌందర్యమును తక్కెడలో పెట్టిన బాలల కథ మఱియొకటి నాకు తెలియదు.

కథలోని బాధ యంతయు ఆ సంధియొద్దనే ఉన్నది. మంత్రగత్తె ఔషధమున తోక రెండు కాళ్లుగా చీలును, ఖడ్గము దేహమును దూసిపోయినట్లు. ఆపైని వేయు ప్రతి అడుగును కత్తులమీద వేసినట్లే. దానికి మూల్యము నాలుక. రాజకుమారుడు ఆమె నడకలోని లాలిత్యమును చూచి మురియును గాని ఆ లాలిత్యము దేనితో కొన్నదో ఎఱుగడు, ఆమెకు చెప్పుటకు నోరు లేదు. చూపఱకు కనబడకుండ అతుకును దాచుటయే శిల్పియొక్క నేర్పు. ఆండర్సన్ దానిని చూపఱకు దాచి పాఠకునికి మాత్రము అడుగడుగున చూపినాడు.

కోపెన్‌హేగెను సముద్రపుటొడ్డున, ఒక బండమీద 1913లో నిలిపిన కంచువిగ్రహము ఈ కథానాయికదే. బీరుకంపెనీ యజమాని కార్ల్ యాకబ్సెను ఈ కథను బ్యాలే నృత్యముగా చూచి ముగ్ధుడై, ఎడ్వర్డ్ ఎరిక్సెను అను శిల్పిచే చేయించినాడు. నర్తకి వస్త్రములు లేకుండ శిల్పియెదుట కూర్చుండుటకు ఒప్పుకొననందున దేహమునకు శిల్పి భార్యయే నమూనా అయినది. పేరుప్రతిష్ఠలు విని వెళ్లినవారు దాని ఎత్తు 1.25 మీటర్లు మాత్రమే యని చూచి చిన్నబుచ్చుకొందురు. నన్నడిగినచో చూడవలసినది ఎత్తు గాదు, కాళ్లు: మడచుకొని కూర్చున్న ఆ భంగిమలో తొడలు, మోకాళ్లు స్త్రీవే; దిగువకు పోనుపోను సన్నగిలి కొసలయందు మాత్రము మీనపుచ్ఛమగును. సంధి నడుమునుండి చీలమండలకు జారిపోయినది. ఆమె చేపనుండి మనిషియగుచున్నదో, మనిషినుండి మరల చేపయగుచున్నదో ఎఱిగించునది ఆ కొసయే. 1964లో దుండగులెవరో ఆ విగ్రహము తల కోసికొనిపోయిరి. 1998లో మరల ఆ పనియే జరిగినది.

విసంధికి ఉదాహరణము కావలెనన్నచో అమెరికాలో బార్నమ్ అను ప్రదర్శకుడు 1842లో న్యూయార్కున ప్రదర్శించిన ఫీజీ సాగరకన్యను చూపవచ్చును. గోడపత్రికలమీద సుందరాంగులు, లోనికి పోయి చూడగా ఎండిన కోతి మొండెమునకు చేపతోక కుట్టిన ఒక వికారపు బొమ్మ. అయినను జనులు విరగబడి చూచిరి.

ఇక సినిమా. చిత్రకారునికి లేని చిక్కొకటి సినిమావానికి కలదు: ఆ తోకలో నిజముగా రెండు కాళ్లున్నవి, ఆ కాళ్లకు మోకాళ్లున్నవి. అంతకన్న సూక్ష్మమైన చిక్కు మఱియొకటి. చేపకు తోకఱెక్క నిలువుగా నుండును, అది ప్రక్కలకు ఊగును. తిమింగిలమునకు, డాల్ఫినుకు అడ్డముగా నుండును, అది పైకిని క్రిందికిని ఊగును. మనిషి వెన్నును మోకాళ్లును వంగునది ముఖ్యముగా ముందువెనుకలకే గాన, తోకలో కాళ్లు దూర్చిన నటి డాల్ఫినువలె తప్ప ఈదజాలదు. అందుచేత తెరమీది సాగరకన్యలలో నూటికి తొంబదిమందికి పొలుసులు చేపవి, ఊపు డాల్ఫినుది. ప్రాణిశాస్త్రజ్ఞుడు దీనికి నవ్వవచ్చును. కన్ను మాత్రము ఒప్పుకొన్నది.

ఈ ఊపును తెరకు తెచ్చిన తొలివారిలో ఆనెట్ కెల్లర్‌మన్ ఒకతె. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈమెకు బాల్యమున కాళ్లు బలహీనములై ఉక్కుపట్టీలు వేయగా, కాళ్లకు సత్తువ వచ్చుటకై ఈత నేర్పించిరి. అట్టి బాలిక పెరిగి పెద్దదై 1911లో ‘ది మెర్మెయిడ్’ అను చిన్నచిత్రమునను, 1914లో ‘నెప్ట్యూన్స్ డాటర్’ అను చిత్రమునను సాగరకన్యయై, కాళ్లు రెండును ఒక్క తొడుగులో బిగించుకొని హాయిగా ఈదినది. ఆండర్సన్ కథను ఇంత ముద్దుగా తిరుగవ్రాసినవారు లేరు.

1948లో బ్రిటనులో వచ్చిన ‘మిరాండా’ చిత్రమునకు తోకను టైర్లు చేయు డన్‌లప్ కంపెనీ చేసియిచ్చినది. అందులో ఒక వైద్యుడు సాగరకన్యను లండనుకు తెచ్చి, చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి, దుప్పటి కప్పి, నడువలేని రోగియని లోకమును నమ్మించును. సంధిని దాచుటకు ఆ చిత్రము తీసినవారికి దొరికినది ఒక దుప్పటి. చౌకైన ఉపాయమే గాని, నటి గ్లినిస్ జాన్స్ కన్నులలోని కొంటెతనము దానిని కాచినది.

1984 నాటి ‘స్ప్లాష్’ ఈ చరిత్రలో పెద్దమలుపు. రాబర్ట్ షార్ట్ చేసిన నారింజవన్నె తోక దాదాపు పదునాఱు కిలోల బరువు. అయినను దానిని తొడిగిన డారిల్ హానా నీటిలో ఎంత వేగముగా పోయెడిదనగా ఆమె రక్షణకై నియుక్తులైన ఈతగాండ్రే అందుకొనలేకపోయిరట. నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము స్నానపుతొట్టిది. ఉప్పు కలిపిన నీటిలో ఒంటరిగా పడుకొని, పగలంతయు దాచిన తోకను తొట్టి అంచుమీదుగా చాచి, ఆ ఱెక్కను నింపాదిగా విప్పుకొనును. ఇఱుకుచెప్పులు విడిచి కాళ్లు చాచుకొన్న ఇల్లాలి నిట్టూర్పు మనకు వినబడినట్లే యుండును. ఈ చిత్రము చేసిన కొత్తపని, తడిసిన తోక, ఆరిన కాళ్లు అను నియమమును జనబాహుళ్యమునకు అలవాటుచేయుట. దానితో సంధి దేహమును విడిచి కాలమునకు మారినది. నడుమున గీత అక్కఱలేదు, నీరు మీద పడినదా లేదా యనునదే గీత.

మనవారు 1996లో ‘సాహసవీరుడు సాగరకన్య’ తీసిరి. రాఘవేంద్రరావుగారి దర్శకత్వము, వెంకటేష్ నాయకుడు, శిల్పాశెట్టి సాగరకన్య. నేను చూచినరోజున నా వెనుకవరుసలోని పిల్లవాడు హాలంతయు వినబడునట్లు, “అమ్మా, ఆవిడ మెట్లెట్లా ఎక్కుతుందే?” అని అడిగినాడు. తల్లి, “పాట వస్తోంది, నోర్ముయ్యి” అన్నది. రెండు విమర్శలును సమంజసములే.

చేతితో గీసిన బొమ్మకు మోకాళ్ల బాధ లేదు. 1989 నాటి డిస్నీ ‘లిటిల్ మెర్మెయిడ్’ చిత్రకారులు ఆ స్వేచ్ఛను చక్కగా వాడుకొనిరి. నాయిక ఏరియెల్ తోకకై రంగులశాలలో ప్రత్యేకముగా ఒక నీలిపచ్చరంగు కలిపి దానికామె పేరే పెట్టిరి. ఆ పచ్చకు ఎదురుగా నిలుచుటకును, ‘స్ప్లాష్’ నాయిక బంగారుజుట్టును తలపింపకుండుటకును ఎఱ్ఱజుట్టు ఇచ్చిరి. నీటిలో జుట్టు ఎట్లు తేలునో తెలిసికొనుటకు వ్యోమగామి శాలీ రైడ్ అంతరిక్షమున ఉండగా తీసిన చిత్రములు చూచిరి. ఆమె నడుమున పొలుసులు మొదలగుచోట లేతవన్నె ఱెక్క ఒకటి కుచ్చువలె విచ్చియుండును; మా పిల్ల గీచిన వడ్డాణమే అది, ఆగమసంధి. మంత్రగత్తె అర్సులాకు ఆ కుచ్చు లేదు. నల్లని గౌను జారుచు జారుచు ఎప్పుడు ఆక్టోపసు చేతులైనదో కన్ను పట్టలేదు. బట్ట ఏదో ఒడలు ఏదో ఎఱుగరాదు. ఆక్టోపసునకు చేతులెనిమిదయినను చిత్రకారులు ఆఱే గీచి, భుజములనుండి వచ్చు రెండింటితో లెక్క సరిపెట్టిరి. చిత్రమంతటిలో ఇంతకన్న నిర్దుష్టమైన రూపకల్పన లేదని నా అభిప్రాయము. నాయిక అందగత్తె, ప్రతినాయిక కళాఖండము.

2016లో హాంకాంగు దర్శకుడు స్టీఫెన్ చౌ తీసిన ‘ది మెర్మెయిడ్’లో నాయిక మంత్రమునకై వెదకదు, తోకఱెక్కలమీదనే అడుగులు వేయుట అభ్యసించి, తడబడుచు, మనుష్యులలో కలిసి తిరుగును. నవ్వించుటకు పెట్టినదే అయినను, ఆ తడబాటులో ఆండర్సన్ కత్తులు మెఱయుచునే యుండును.

కడకు చెప్పదలచినది ఒక పోలిష్ చిత్రము. వార్సా నగరముద్రపై ఖడ్గము, డాలు పట్టిన సాగరకన్య కలదు. ఆ నగరపు రాత్రివిడుదులలో పాడు ఇద్దఱు సాగరకన్యల కథను దర్శకురాలు అగ్నియెష్కా స్మొచిన్‌స్కా 2015లో ‘ది లూర్’ అను పేర ప్రపంచమెఱిగిన చిత్రముగా తీసినది. ఇందులో తోకలు సొగసైనవి కావు: మలుగుచేప దేహమువలె పొడవై, బరువై, జిగటగా, నేలపై ఈడ్చుకొనిపోవలసినవి. అక్కచెల్లెండ్రలో ఒకతె ఒక యువకుని ప్రేమించి, శస్త్రచికిత్స చేయించుకొని తోకను తీసివేయించుకొనును. మనుష్యస్త్రీ కాళ్లు ఆమె నడుమునకు కుట్టబడును, కంఠము పోవును. నూఱేండ్ల సినిమా దుప్పటితోను, నీటితోను, కుచ్చుతోను కప్పుచు వచ్చిన చోటనే, మా పిల్ల వడ్డాణము గీచిన చోటనే, ఈమెకు దారపు కుట్లు ఒక వరుసగా నడుముచుట్టును కనబడును. ఒకనాటి రాత్రి ఆ కుట్లనుండి చిమ్మిన నెత్తురు తనకంటగా యువకుడు అసహ్యించుకొని లేచిపోవును, మఱియొకతెను పెండ్లాడును. తెల్లవాఱునప్పటికి ఈమె నురుగు. తోకను విడువని తోబుట్టువు మాత్రము పెండ్లికొడుకు కంఠము కొఱికి, నీటిలోనికి దుమికి మాయమగును.