మీకు తెలుసా? ఇంటి కప్పు మీద గుర్తులు

వరికుంటపాడు వైపు ఎక్కడైనా పాత పెంకుటిల్లు విప్పుతుంటే ఒక పెంకు తీసి వెనక్కి తిప్పి చూడండి. మనవైపు బెంగుళూరు పెంకు అనే మంగుళూరు పెంకయితే ఉబ్బెత్తు అక్షరాల్లో కంపెనీ పేరు, ఊరి పేరు ఉంటాయి. కొన్నిటి మీద సంవత్సరం కూడా ఉంటుంది. ‘1865’ అని కనబడగానే మీసం మెలెయ్యకండి. అది పెంకు కాల్చిన ఏడు కాదు, కంపెనీ పుట్టిన ఏడు! బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగుళూరు జెప్పులో, నేత్రావతి ఒడ్డున పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ తర్వాత చేసిన పెంకుల మీద కూడా ఆ ఏడాదే అచ్చొత్తారు. అదే ఊళ్ళో ఆల్బుకర్క్ అండ్ సన్స్ వాళ్ళ పెంకుల మీద 1868 ఉంటుంది. అదీ అంతే. ఇంటి వయసు కావాలంటే దస్తావేజులు వెతుక్కోవాల్సిందే.

సిమెంటు రేకులకైతే బోల్టు ఎక్కడ బిగించారో చూడండి. బెజ్జం అల ఎత్తు మీద ఉండాలి. వాన నీళ్ళు పారేది పల్లంలో కాబట్టి అక్కడ బెజ్జం పడితే ఎంత తారు పూసినా కారక మానదు. బోల్టు తల కింద వాషరు ఎండకు పగిలిపోయినా అదే గతి. పాత రేకులు కొని కప్పుకునేవాళ్ళు మునుపటి బెజ్జాలన్నీ ముందే లెక్కబెట్టుకోవాలి. బాగుచెయ్యడానికి ఎక్కితే నేరుగా రేకు మీద కాలు పెట్టొద్దు. అడుగున పైపులున్నచోట అడ్డంగా పలక వేసుకుని దాని మీద నడవాలి.

ఇక స్లాబు. కింద నుంచి చూస్తే చతురస్రాలుగా సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి సెంట్రింగ్ రేకుల అతుకులు, వాటితో బాధ లేదు. గోధుమరంగు మరకలు వరసగా, ఒకే ఎడంతో, తాడు పట్టి గీసినట్టు వచ్చాయా? అవి లోపలి కడ్డీలు. కడ్డీ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. అందుకోసమే కవర్ బ్లాకులు పెడతారు. పని తొందరలో అవి మానేస్తే కడ్డీ సెంట్రింగ్ రేకు మీదే కూర్చుంటుంది, తేమ తగిలి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. పండక్కి సున్నం కొడితే మరక కనబడదు, అంతే. వదులు పెచ్చులు రాల్చి, కడ్డీని ఇనప బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, ఆ తర్వాతే కొత్త మాలు పెట్టాలి.

మేడ మీద పిల్లర్ కడ్డీలు పైకి వదిలేసి ‘వచ్చే ఏడు పైన వేస్తాం’ అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ వచ్చే ఏడు ఎప్పుడొస్తుందో గానీ, ఈలోపు వాటికి సిమెంటు పాలు పూసి, చుట్టూ పలచటి కాంక్రీటు పోస్తే చాలు. పైన గది కట్టేనాడు దాన్ని సుత్తితో కొట్టేసుకోవచ్చు.