కీళ్ళను కాచు మాంసకృత్తు

ఉదయమున నిద్రలేచిన గృహిణి, చెంబెడు నీళ్ళెత్తుటకైనను వ్రేళ్ళు ముడువలేక, కణుపులు ఉబ్బి వేడెక్కగా, గంటసేపు చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండుటను మనలో చూడనివారు అరుదు. ఆ బాధకు మూలము వయసు కాదు. దేహరక్షణకై ఏర్పడిన వ్యవస్థయే పొరబడి, కీళ్ళలోని పలుచని పొరపై దండెత్తుటచేత ఈ కీళ్ళవాతము పుట్టుచున్నది.

రక్షకకణములు పరస్పరము వార్తలు పంపుకొనుటకు సైటోకైనులనెడి మాంసకృత్తులను వాడును. వానిలో ఇంటర్‌లూకిన్-1 అనునది కణముపైనున్న గ్రాహకమున కుదురుకొని మంటను రగిల్చి, మృదులాస్థిని కరిగించు ఎంజైములను పుట్టించును. అయితే ప్రకృతి దానికి జోడుగా మరియొక మాంసకృత్తును సృజించినది. అది అదే గ్రాహకమున, తాళమున దూరియు తిరుగని చెవివలె, కూర్చుండునే కాని సంకేతమును లోనికి పోనీయదు. దేహనిర్మాణమున ఇంతకన్న మనోహరమైన ఏర్పాటు నాకు కనబడదు.

2000లో జపాను శాస్త్రజ్ఞులు ఒకానొక జాతి చిట్టెలుకలలో ఈ రక్షక మాంసకృత్తు జన్యువును తొలగింపగా, వేరొక ప్రేరణ లేకయే వాని కీళ్ళు వాచినవి. ఇదే లోపముతో పుట్టిన శిశువులకు చర్మమును ఎముకలును తీవ్రముగా వాచుటను 2009లో వైద్యులు వర్ణించిరి.

2001లో అమెరికాలో అనుమతి పొందిన అనకిన్రా అను మందు ఈ మాంసకృత్తునకు దాదాపు ప్రతిరూపమే. బాక్టీరియాలచే తయారు చేయించి, ప్రతిదినము చర్మము క్రింద సూదివేయుదురు. కీళ్ళవాతమున తరువాతి మందులు దానిని మించినవనుట నిజమే. ఆ శిశువులకు మాత్రము అది ప్రాణదానమైనది.

ఉదయపు బిగువు వారముల తరబడి నిలిచినచో, ముసలితనమని సరిపెట్టుకొనక, కీళ్ళు వంకరపోకముందే వైద్యుని చూడుడు.