అలారం మోగినా బెదరని దొంగ.. ఇంజిన్ దగ్గర ఎందుకు ఆగిపోతాడు? కారు భద్రతా వ్యవస్థ పనిచేసేది ఇలా

దీపావళి రాత్రి అపార్ట్‌మెంట్ ఆవరణలో ఒక్క లక్ష్మీబాంబు పేలితే చాలు, సెల్లార్‌లో వరుసగా నిలిపి ఉంచిన కార్లలో నాలుగైదు ఒకేసారి కూతలు మొదలుపెడతాయి. పిల్లి బానెట్‌పైకి దూకినా, గట్టిగా ఉరిమినా, పక్క నుంచి బరువైన లారీ వెళ్లినా అదే తంతు. యజమాని బాల్కనీలో నిలబడి రిమోట్ నొక్కుతాడు, శబ్దం ఆగిపోతుంది. దొంగ వచ్చాడేమోనని కిందికి దిగి చూసేవారు అరుదు. ఈ సంగతి దొంగలకూ తెలుసు.

అయినప్పటికీ పాతికేళ్ల కిందటి కారును ఎత్తుకుపోయినంత సులువుగా నేటి కారును ఎత్తుకుపోవడం సాధ్యం కాదు. ఆ ఘనత చెవులు చిల్లులు పడేలా మోగే సైరన్‌ది కాదు. ఏమాత్రం చప్పుడు చేయకుండా ఇంజిన్‌ను కట్టిపడేసే ‘ఇమ్మొబిలైజర్’ అనే మరో ఏర్పాటుది. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగానే భావిస్తారు. కారు కొనేటప్పుడూ, బయట దుకాణంలో అదనపు పరికరాలు బిగించుకునేటప్పుడూ డబ్బు వృథా కావడానికి ఈ అపోహే తరచూ కారణమవుతోంది.

పసిగట్టేవి, నిర్ణయించేది, చాటేది

అలారం వ్యవస్థ సూత్రం సరళమైనది. కారులో అక్కడక్కడా అమర్చిన సెన్సర్లు మార్పును పసిగడతాయి. ఒక చిన్న నియంత్రణ పరికరం ఆ సమాచారాన్ని తూచి నిర్ణయం తీసుకుంటుంది. సైరన్, లైట్లు దానిని లోకానికి చాటుతాయి. యజమాని రిమోట్‌తో తలుపులు మూసిన మరుక్షణం నుంచి ఈ కాపలా మొదలవుతుంది. డ్యాష్‌బోర్డుపై మెల్లగా మెరిసే ఎర్రని చుక్క దానికి గుర్తు.

సెన్సర్లలో అన్నిటికంటే పాతది, నేటికీ నమ్మదగినది తలుపు స్విచ్. తలుపు తీయగానే లోపలి దీపాన్ని వెలిగించేది ఇదే. బానెట్‌కూ, డిక్కీకీ ఇలాంటివే ఉంటాయి. అద్దం పగలగొట్టినా, తలుపును బలంగా కుదిపినా గుర్తించేందుకు ప్రకంపన సెన్సర్ ఉంటుంది. ఒత్తిడికి లేదా కుదుపుకు గురైనప్పుడు స్వల్పంగా విద్యుత్తును పుట్టించే పదార్థంతో దీనిని తయారుచేస్తారు. చిన్న తాకిడికి ఒకట్రెండు హెచ్చరిక కూతలు, పెద్ద తాకిడికి పూర్తి సైరన్ మోగేలా చాలా పరికరాల్లో రెండు స్థాయులు ఉంటాయి.

ఖరీదైన కార్లలో మరో అంచె ఉంటుంది. లోకప్పు దగ్గర అమర్చిన చిన్న పరికరం సుమారు 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో ధ్వని తరంగాలను కారు లోపల నింపుతుంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని వినలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు. లోపల ఏదైనా కదిలితే తిరిగివచ్చే తరంగాల తీరు మారుతుంది, వెంటనే అలారం మోగుతుంది. కిటికీ కాస్త దించి వెళ్లినప్పుడు గాలికి కూడా ఇది మోగే అవకాశం ఉంది. కారును ఒకవైపు ఎత్తి చక్రాలు విప్పేవారినీ, టోయింగ్ వాహనంతో లాక్కుపోయేవారినీ పట్టించేది వంపు సెన్సర్. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తెరను కూడా తిప్పే సాంకేతికతే ఇక్కడా పనిచేస్తుంది.

మెరుగైన సైరన్లలో సొంత బ్యాటరీ ఉంటుంది. దొంగ కారు బ్యాటరీ తీగను కత్తిరిస్తే అదే అలారానికి కారణమవుతుంది. చవక పరికరాల్లో ఈ సదుపాయం లేకపోవడంతో తీగ తెగగానే సైరన్ మూగబోతుంది.

అసలు చిక్కు సున్నితత్వంతోనే. సెన్సర్ స్పందన పెంచితే పిల్లికీ పటాసుకీ మోగుతుంది. తగ్గిస్తే దొంగకు కూడా మోగదు. పొరుగువారి ఫిర్యాదులు భరించలేక మెకానిక్‌తో ఆ సర్దుబాటు మరను పూర్తిగా తగ్గించుకున్నవారికి మిగిలేది ఎర్రని చుక్క మెరుపు మాత్రమే.

తాళంచెవితో ఇంజిన్ రహస్య సంభాషణ

సినిమాల్లో కథానాయకుడు స్టీరింగ్ కింద రెండు తీగలు లాగి, నిప్పురవ్వలు రాల్చి కారును స్టార్ట్ చేస్తాడు. ఇమ్మొబిలైజర్ ఉన్న కారులో అది కుదరదు. తీగలు కలిపితే స్టార్టర్ మోటార్ తిరగవచ్చు. ఒక్కోసారి ఇంజిన్ అంటుకున్నట్టే అనిపించి ఒకట్రెండు సెకన్లలో ఆగిపోవచ్చు. అంతకు మించి ముందుకు సాగదు.

దీనికి మూలం తాళంచెవి పిడిలో దాగిన బియ్యపు గింజంత చిప్. దానికి సొంత బ్యాటరీ అవసరం లేదు. తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. తాళంచెవి తిప్పగానే అది సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో విద్యుదయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. ఆ క్షేత్రం నుంచే చిప్ శక్తిని గ్రహించి మేల్కొంటుంది. అప్పుడు కారు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. చిప్ తనలోని రహస్య సంకేతాన్ని ఆ సంఖ్యతో కలిపి గణించి, వచ్చిన ఫలితాన్ని జవాబుగా పంపుతుంది. కారులోని కంప్యూటర్ కూడా అదే లెక్క వేసుకుంటుంది. రెండూ సరిపోలితేనే ఇంజిన్‌కు ఇంధనం, నిప్పురవ్వ అందుతాయి. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది.

కోట ద్వారం వద్ద కావలివాడు రోజూ ఒకే సంకేతపదం అడిగితే చాటుగా విన్నవాడు మర్నాడు లోపలికి ప్రవేశిస్తాడు. ఇక్కడ ప్రశ్న ప్రతిసారీ మారుతుంది, జవాబూ మారుతుంది. అసలు రహస్యం మాత్రం ఏనాడూ గాలిలోకి రాదు. రోడ్డు పక్కన తాళాలు చేసేవారు లోహపు తాళంచెవిని అచ్చుగుద్దినట్టు కోసి ఇచ్చినా దానితో తలుపు తెరుచుకుంటుందే తప్ప ఇంజిన్ కదలకపోవడానికి కారణం ఇదే.

ఇమ్మొబిలైజర్ లేకపోతే..

ఐరోపా సమాఖ్య 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో అదే బాట పట్టాయి. నెదర్లాండ్స్ గణాంకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, దొంగలు పాత కార్లవైపు మళ్లడాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, ఈ పరికరం వల్ల కారు చోరీ ముప్పు సగానికి దగ్గరగా తగ్గిందని తేల్చారు.

అమెరికాలో అలాంటి నిబంధన లేదు. దాని పర్యవసానం రెండు దశాబ్దాల తర్వాత బయటపడింది. హ్యుందాయ్, కియా సంస్థలు 2011–2021 మోడళ్లుగా అక్కడ విక్రయించిన కార్లలో మామూలు తాళంచెవితో నడిచే పలు రకాలకు ఇమ్మొబిలైజర్ లేదు. వాటిని దొంగిలించే తీరును చూపే వీడియోలు సామాజిక మాధ్యమాల్లో పాకడంతో అనేక నగరాల్లో చోరీలు ఒక్కసారిగా పెరిగాయి. కార్లు నడిపింది చాలా సందర్భాల్లో కుర్రవాళ్లే. ప్రమాదాల్లో ప్రాణాలు కూడా పోయాయి. 2023 ఫిబ్రవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ ప్రకటించిన పరిష్కారం ప్రకారం, సుమారు 83 లక్షల వాహనాలకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్పు అందించారు. అది అలారం మోగే వ్యవధిని 30 సెకన్ల నుంచి నిమిషానికి పెంచింది. దానికంటే ముఖ్యంగా, తాళంచెవి లేకుండా కారు స్టార్ట్ కాకుండా చేసింది. అవన్నీ అమెరికా మార్కెట్ కోసం తయారైన కార్లు. పెనుకొండ కర్మాగారం నుంచి వచ్చే వాహనాలతో ఈ వ్యవహారానికి సంబంధం లేదు.

రిమోట్ బటన్ వెనుక మారే అంకెలు

తలుపులు తెరిచే రిమోట్ వేరే మార్గంలో పనిచేస్తుంది. బటన్ నొక్కితే సంకేతం రేడియో తరంగాల రూపంలో వెళుతుంది. భారత్‌లో, ఐరోపాలో దీనికి ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ పరిసరాల్లోని పౌనఃపున్యాన్ని వాడతారు. తొలినాటి రిమోట్లు ఎప్పుడూ ఒకే సంకేతం పంపేవి. దానిని ఒకసారి నమోదు చేసుకున్నవారు ఎన్నిసార్లయినా తలుపు తీయగలిగేవారు. ఇప్పుడు ప్రతి నొక్కుకూ సంకేతం మారుతుంది, ఒకసారి వాడినది మళ్లీ చెల్లదు. కారు దూరంగా ఉన్నప్పుడు పిల్లలు ఆడుకుంటూ రిమోట్‌ను పదిసార్లు నొక్కినా ఇబ్బంది ఉండదు. తర్వాత రావలసిన కొన్ని సంకేతాలను కూడా స్వీకరించే వెసులుబాటు కారుకు ఉంటుంది.

తాళంచెవి జేబులోనే ఉన్నా..

దొంగల దృష్టి ఇప్పుడు బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లపై పడింది. వీటిలో యజమాని తాళంచెవిని బయటికి తీయనక్కర్లేదు. తలుపు పిడి తాకగానే కారు తక్కువ దూరం మాత్రమే వెళ్లే సంకేతంతో ‘దగ్గర్లో ఉన్నావా?’ అని అడుగుతుంది. జేబులోని తాళంచెవి జవాబిస్తుంది. సంకేతం మీటరో రెండు మీటర్లో మాత్రమే వెళుతుంది కాబట్టి, జవాబు వచ్చిందంటే యజమాని పక్కనే ఉన్నట్టని కారు నమ్ముతుంది.

ఆ నమ్మకమే బలహీనత. ఇద్దరు దొంగల్లో ఒకరు కారు దగ్గర, మరొకరు ఇంటి తలుపు దగ్గర నిలబడి ఆ సంకేతాన్ని పరికరాలతో ఒకరి నుంచి మరొకరికి చేరవేస్తే, హాల్లో కొక్కేనికి వేలాడుతున్న తాళంచెవి తాను కారు పక్కనే ఉన్నట్టు జవాబిస్తుంది. ఏ రహస్య సంకేతాన్నీ ఛేదించాల్సిన పని లేదు. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2011లో ఎనిమిది సంస్థలకు చెందిన పది కార్లను పరీక్షించగా, అన్నీ ఈ ఎత్తుకు లొంగాయి.

సంకేత లెక్క బలహీనంగా ఉన్నా ముప్పే. 40 బిట్ల రహస్య సంకేతం వాడిన ఒక చిప్‌ను 2005లో అమెరికా పరిశోధకులు ఛేదించారు. 40 బిట్లంటే సుమారు 1.1 లక్షల కోట్ల అవకాశాలు. మనిషికి అది ఊహకందని సంఖ్య అయినా, కంప్యూటర్లకు కాదు. మరో ప్రసిద్ధ చిప్‌లోని లోపాలను వివరించే పరిశోధన పత్రాన్ని ప్రచురించకుండా 2013లో బ్రిటన్ న్యాయస్థానం నిలువరించింది. చివరికి అది 2015లో వెలువడింది. ఆ రెండేళ్లూ లోపం లోపంగానే ఉంది, కారు యజమానులకు మాత్రం తెలియకుండా ఉంది.

దేశంలో పోలీసులకు ఎక్కువగా ఎదురవుతున్న పద్ధతి వేరు. స్టీరింగ్ కింద, సర్వీస్ సెంటర్లలో లోపాలు కనుగొనేందుకు వాడే ఓబీడీ పోర్ట్ ఉంటుంది. దొంగలు అద్దం తొలగించి లోపలికి చేరి, ఆ పోర్ట్‌కు ట్యాబ్లెట్ వంటి పరికరాన్ని తగిలించి, ఖాళీ తాళంచెవిని కొత్త తాళంచెవిగా నమోదు చేసుకుంటారు. ఢిల్లీ పోలీసులు ముఠాలను పట్టుకున్నప్పుడు ఇలాంటి పరికరాలు పలుమార్లు బయటపడ్డాయి. కారుకు అది అధీకృత తాళంచెవే కాబట్టి ఇమ్మొబిలైజర్ మారు మాట్లాడకుండా దారి ఇస్తుంది.

యజమాని చేతిలో ఉన్నవి

సంకేతం చేరవేసే ఎత్తుకు విరుగుడు చవకైనదే. తరంగాలను అడ్డుకునే లోహపు పొర ఉన్న సంచిలో తాళంచెవిని ఉంచితే సరిపోతుంది. సంచిలో ఉంచిన తాళంచెవిని కారు పక్కకు తీసుకెళ్లి తలుపు పిడి తాకి చూడాలి. తెరుచుకుంటే ఆ సంచి పనికిరానట్టే. రెండో తాళంచెవిని మరచిపోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. కొన్ని కొత్త తాళంచెవులు కొద్దిసేపు కదలకుండా ఉంటే వాటంతట అవే నిద్రలోకి జారుకుంటాయి. తాజా కార్లలో సంకేతం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచే విధానం వస్తోంది. రేడియో తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కాబట్టి, మధ్యలో ఎవరైనా చేరవేస్తే ఆలస్యం బయటపడుతుంది.

ఓబీడీ ద్వారా జరిగే చోరీకి, స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే ఇనుప కడ్డీ నేటికీ గట్టి ఆటంకమే. కంప్యూటర్‌ను ఏమార్చగలిగిన పరికరానికి ఇనుమును కోసే శక్తి లేదు. ఇక బయట బిగించే చవక అలారాల విషయంలో జాగ్రత్త అవసరం. వాటి కోసం కారు అసలు తీగలను కత్తిరిస్తే వారంటీ క్లెయిమ్‌కు చిక్కు రావచ్చు. పుణెలోని ఏఆర్ఏఐ ఆమోదించిన చోరీ నిరోధక పరికరం ఉంటే సొంత నష్టం ప్రీమియంపై సాధారణంగా 2.5 శాతం, గరిష్ఠంగా రూ.500 తగ్గింపు లభిస్తుంది.

చోరీ నష్టాన్ని కేవలం థర్డ్ పార్టీ బీమా భరించదు. సొంత నష్టం కవర్ ఉన్నవారు కూడా క్లెయిమ్ సమయంలో రెండు తాళంచెవులనూ అప్పగించాలని బీమా సంస్థలు కోరతాయి. ఒకటి ఎక్కడో పోగొట్టుకున్నవారికి ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి తాళంచెవి పోయిన రోజే పోలీసులకు ఫిర్యాదు చేసి, పోయిన చిప్‌ను కారు జ్ఞాపకం నుంచి సర్వీస్ సెంటర్‌లో తొలగింపజేసుకోవాలి. కారే పోతే ఎఫ్ఐఆర్‌లో జాప్యం పనికిరాదు. ఎఫ్ఐఆర్ వెంటనే నమోదైన సందర్భంలో, బీమా సంస్థకు తెలియజేయడంలో ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించరాదని సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం 2020 జనవరిలో స్పష్టం చేసింది.

పాత కారు కొనేవారు కూడా వెంట ఎన్ని తాళంచెవులు ఇస్తున్నారో, కారు జ్ఞాపకంలో ఎన్ని నమోదై ఉన్నాయో సర్వీస్ సెంటర్‌లో సరిచూసుకోవడం మంచిది. ఆ వాహనం చోరీ జాబితాలో ఉందో లేదో జాతీయ నేర గణాంకాల సంస్థ నిర్వహించే ‘వాహన్ సమన్వయ్’ సేవ ద్వారా తెలుసుకోవచ్చు.