ఒక్క సీసీ గాలి

ముందు చక్రాల కాలిపర్లు రెండూ విప్పి, రబ్బర్లు మార్చి బిగించిన దగ్గర్నుంచీ నా పాత కారు బ్రేకు పెడల్ దూదిమూట మీద కాలేసినట్టు తయారైంది. కారు ఆగుతుంది, కాకపోతే ఆగేలోపు కాలు బాగా లోపలికి దిగుతుంది. ఆ పని చేసిన షాపువాళ్లు "ఎయిర్ ఉండిపోయింది సార్" అంటూ మూడుసార్లు ఎయిర్ తీశారు. దాదాపు లీటరు బ్రేక్ ఆయిల్ ఖర్చయింది. పెడల్ మెత్తదనం మాత్రం పోలేదు. నాలుగోసారి అక్కడికే వెళ్లే ఓపిక లేక విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంజన్ ఆపి, పెడల్‌ని మెల్లగా నొక్కి అరనిమిషం అలాగే పట్టుకున్నాడు. తర్వాత గబగబా నాలుగుసార్లు కొట్టి మళ్లీ పట్టుకున్నాడు. "కిందికి జారట్లేదు. స్పంజిలాగా ఆడుతోంది. ఆ జబ్బు వేరు, ఈ జబ్బు వేరు సార్" అన్నాడు.

ఆయన కాలికి తెలిసిన ఈ తేడా వెనక వందేళ్ల కథ ఉంది.

మొదటి కార్లలో పెడల్‌కీ చక్రానికీ మధ్య ఇనుప కడ్డీలు, తీగలు, లీవర్లు ఉండేవి. ఒక పక్క కడ్డీ కాస్త వదులైతే రెండో పక్క చక్రమే ముందు పట్టుకునేది, బండి అటు లాగేసేది. ముందు చక్రాలు స్టీరింగుతో పాటు తిరుగుతాయి కాబట్టి వాటికి కడ్డీలు అమర్చడం మరీ చిక్కు. అందుకే చాలాకాలం వెనక చక్రాలకే బ్రేకులు పెట్టి సరిపుచ్చారు. నిజానికి బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకే ఒరుగుతుంది, పని చేయాల్సింది ముందు బ్రేకులే.

ఈ చిక్కుకి విరుగుడు ద్రవంలో దొరికింది. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ పీడనం అన్ని మూలలకీ సమానంగా అందుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. ఆ సూత్రంతో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని కారు చక్రం దాకా తెచ్చినవాడు మాల్కమ్ లాక్‌హీడ్ అనే అమెరికన్. అన్నదమ్ములు కలిసి విమానాలు కట్టినవాళ్లు. ఆ పేరు తర్వాత విమానాలకీ బ్రేకులకీ కూడా అంటుకుంది. మాల్కమ్ హైడ్రాలిక్ బ్రేకు పేటెంటు 1917 నాటిది. నాలుగు చక్రాలకీ ఈ బ్రేకులు బిగించుకున్న డ్యూసెన్‌బర్గ్ కారు 1921లో ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ పందెం గెలిచింది. గొట్టాల్లో ఉన్నది నీళ్లూ గ్లిజరినూ.

పందెంలో గెలిచిన బ్రేకు వీధిలో కారింది. పిస్టన్ల చుట్టూ బిగించిన తోలు వాషర్లు ఎండి ముడుచుకుపోయేవి. 1924లో క్రైస్లర్ తన కారులో ఈ బ్రేకులు పెట్టేటప్పుడు ఆ కంపెనీ ఇంజనీర్లు తోలు తీసేసి రబ్బరు కప్పులు వేశారు. హైడ్రాలిక్ బ్రేకు నిలబడింది ఆ రబ్బరు మీదే అంటాను నేను. హెన్రీ ఫోర్డ్ మాత్రం చాలా ఏళ్లు నమ్మలేదు. పెడల్ నుంచి చక్రం దాకా ఉక్కే భద్రమని ప్రకటనలిస్తూ కడ్డీలతోనే నెట్టుకొచ్చి, 1939 మోడళ్లలో దిగివచ్చాడు.

రబ్బరు వచ్చాక దానికి సరిపడే ద్రవం కావాలి. పెట్రోలియం నూనెలు రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తాయి, ఆముదం చేయదు. అందుకని ఆముదంలో ఆల్కహాల్ కలిపిన ద్రవాలు చాలాకాలం నడిచాయి. పాలమూరు, నల్లగొండ చేలల్లో కనిపించే ఆ ఆముదమే! ఇప్పుడు మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది అసలు నూనే కాదు, గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. పేరుని నమ్మి ఎవరైనా ఇంజన్ ఆయిల్ పోస్తే, పెడల్ ఒత్తిడిని ద్రవానికి అందించే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బర్లన్నీ మార్చుకోవాల్సిందే.

ఇక మెత్తదనం సంగతి. మాస్టర్ సిలిండర్ అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు అనుకుందాం. లోపల ఎక్కడో ఒక్క సీసీ గాలి చిక్కితే, దాన్ని అణచడానికే పిస్టన్ 3 మిల్లీమీటర్లు అదనంగా నడవాలి. పెడల్ ఒక లీవరు, నాలుగింతలు కదులుతుంది. అంటే కాలు సెంటీమీటరు పైనే ఊరికే దిగుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు గొట్టాల్లో పీడనం వాతావరణ పీడనానికి 70 రెట్ల దాకా పోవచ్చు. ఆ ఒత్తిడికి లీటరు నీళ్లు తగ్గేది 3 సీసీలే. గాలైతే డెబ్బయ్యో వంతుకి నలిగిపోతుంది. వదలగానే మళ్లీ పొంగుతుంది. కాలికింద స్పంజి అదే.

స్పంజిలా కాకుండా, పట్టి ఉంచిన పెడల్ మెల్లగా నేలకి జారిపోతుంటే అది మరో రోగం. ఎక్కడో కారుతూనైనా ఉండాలి, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అంచు అరిగి ద్రవం పక్కనుంచి వెనక్కి పోతూనైనా ఉండాలి. బయట తడి కనిపించకపోతే అనుమానం మాస్టర్ మీదికే. రెండుమూడుసార్లు కొడితే పెడల్ పైకొచ్చి గట్టిపడుతుంటే డ్రమ్ములోని షూలు దూరంగా ఉండొచ్చు, చక్రం బేరింగు ఆడి ప్యాడ్లని వెనక్కి తోస్తూ ఉండొచ్చు. అయితే కొన్నిసార్లు గాలి ఉన్నా కొట్టగా కొట్టగా గట్టిపడుతుంది, అందుకే ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. ఎయిర్ తీసేటప్పుడే కొత్త జబ్బు తెచ్చుకోవడమూ ఉంది. పాత బండి పెడల్‌ని నేల దాకా తొక్కితే, ఏళ్లుగా పిస్టన్ వెళ్లని చోట పేరుకున్న తుప్పు రబ్బరుని కోసేస్తుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

పొద్దున బాగున్న పెడల్ కొండ దిగేటప్పుడు మెత్తబడితే, ఆ పాపం నీటిది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవి 230, 155. తిరుమల నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల దిగుడు. 1200 కిలోల బండి అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తితో పాతిక లీటర్ల పైచిలుకు నీళ్లు మరిగించవచ్చు. తక్కువ గేరులో దిగితే ఆ భారంలో చాలావరకు ఇంజన్ మోస్తుంది. న్యూట్రల్‌లో దిగేవాడి భారమంతా బ్రేకుల మీదే. కాలిపర్‌లో ద్రవం మరిగి ఆవిరైతే, అదీ గాలిలాంటిదే. ఆపి చల్లబడనిస్తే పెడల్ మళ్లీ గట్టిపడుతుంది, మెకానిక్ చూసేసరికి రోగం మాయం! రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే.

మరి నీళ్లు పీల్చని ద్రవం వాడొచ్చుగా అనిపిస్తుంది. సిలికోన్‌తో చేసిన డాట్ 5 అలాంటిదే. కానీ అందులో నీరు కలవదు కాబట్టి, చేరిన కాస్తా పల్లంలో గుంటగట్టి అక్కడే తుప్పు పట్టిస్తుంది, వేడికి అక్కడే మరుగుతుంది. పైగా సన్నటి బుడగల్ని పట్టి ఉంచుతుంది. నీటిని పీల్చుకునే దాహమే మిగతా ద్రవాలకి బలమూ, బలహీనతా.

మన మేస్త్రి దగ్గరికి వద్దాం. ఆయన నున్నటి దవడలున్న క్లాంపులతో చక్రాల రబ్బరు హోస్‌లన్నీ మూసి పెడల్ నొక్కమన్నాడు. రాయిలా ఉంది. "మాస్టర్ మంచిదే." వెనక క్లాంపులు తీశాడు, తేడా లేదు. ముందు ఎడమది తీస్తే పెడల్ సగం మెత్తబడింది. కుడిది తీస్తే దూదిమూట తిరిగొచ్చింది. రెండు కాలిపర్లలోనూ గాలి ఉందన్నమాట. టార్చి పట్టుకుని కిందికి వంగి, ఒక్కసారిగా నవ్వాడు.

ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగించారు. బోల్టులు సరిపోయాయి, ప్యాడ్లు సరిపోయాయి, హోస్ అందింది. ఒక్కటే తేడా: పైన ఉండాల్సిన, గాలి వదిలే ఎయిర్ నిపిల్ అడుగుకి వచ్చింది. గాలి పైకి తేలుతుంది, వాళ్లు కింద తూము తెరిచి లీటరు ఆయిల్ వదిలారు. గాలి పైనే ఉండిపోయింది.

కాలిపర్లు మార్చి బిగించాక కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టాడు. నిపిల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాడు. "కొట్రా... కొట్టు... పట్టు!" నిపిల్ వదులు చేయగానే సీసాలో బుడబుడమని గాలి. బిగించాకే "వదులు" అన్నాడు. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ట్యాంకులో ఆయిల్ అడుగంటకుండా నడుమ నడుమ పోస్తూ, బుడగ రాని దాకా చేశాడు.

నన్ను కూర్చోమన్నాడు. పెడల్ పైనే పట్టింది. కాలు తీయకుండానే ఇంజన్ స్టార్ట్ చేశాను. పెడల్ అంగుళంలోపు కిందికి దిగింది. నా మొహం చూసి మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "అది వాక్యూమ్ బూస్టర్ సార్, ఇంజన్ నడిస్తే కాలికి సాయం చేస్తుంది. దిగని రోజున రండి."