ఇంటర్వెల్‌లో పిలుపు.. తెల్లారేసరికి స్టార్!

లండన్‌లోని రాయల్ ఒపెరా హౌస్. 2021 డిసెంబర్ 8. పుచ్చిని స్వరపరిచిన ‘టోస్కా’ నడుస్తోంది. మొదటి అంకం అయ్యాక హీరో పాత్ర పాడుతున్న గాయకుడికి ఒంట్లో బాగోలేదు. మిగతా రెండు అంకాలు ఎవరు పాడాలి? 28 ఏళ్ల ఫ్రెడ్డీ డి టొమాసో దిగాడు. ఆ పాత్రను అతను మరికొద్ది రోజుల్లో మొదటిసారి పాడాల్సి ఉంది. ఆ పిలుపు ముందే వచ్చేసింది.

ఒపెరా అంటే ఏంటి? మన పద్యనాటకం లాంటిదే అనుకోండి. కథంతా పాటలోనే సాగుతుంది. కానీ మైకు ఉండదు. నిండు ఆర్కెస్ట్రా మోతను దాటి, చివరి వరుసలో కూర్చున్నవాళ్లకూ గొంతు వినిపించాలి. టెనర్ అంటే మగ గొంతుల్లో పై స్థాయిలో పాడేవాడు. పై స్వరం దగ్గర కాస్త తడబడినా దాచుకోవడానికి చోటుండదు. ఆ రాత్రి గొంతు జీరబోయి ఉంటే ఆ మాట కూడా అంతే వేగంగా పాకేది.

ఫ్రెడ్డీ ఇంగ్లండ్‌లో పుట్టాడు, తండ్రిది ఇటలీ. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో మొదట మధ్య స్థాయి గొంతు, అంటే బారిటోన్‌గా నేర్చుకున్నాడు. తర్వాతే టెనర్‌గా మారాడు. 2018లో బార్సిలోనాలోని వినాస్ పోటీలో మొదటి బహుమతి గెలిచాడు. 2024లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో అడుగుపెట్టాడు, అదీ ‘టోస్కా’తోనే.

పేరొచ్చింది ఒక్క రాత్రిలో. గొంతు తయారైంది మాత్రం ఏళ్ల తరబడి. పిలుపు వచ్చాక నేర్చుకుందామంటే టైం ఉండదు కదా!