ఈ వరస అయ్యాక వస్తా

‘కాలక్షేపం’ అన్న మాటకు మన భాషలో రెండు ముఖాలున్నాయి. హరికథా కాలక్షేపం, పురాణ కాలక్షేపం అన్నప్పుడు ఆ మాట పందిట్లో, పదిమంది ఎదుట, తాంబూలం అందుకుని దర్జాగా కూర్చుంటుంది. అదే మాట ఇంటి గడప దాటి లోపలికొస్తే చిన్నబోతుంది. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు సర్దేశాక ఒకావిడ నవల తెరిచినా, పాత సినిమా పెట్టుకున్నా, సూదులూ ఊలుండా ముందేసుకున్నా ‘ఏదో కాలక్షేపం’ అని తేల్చేస్తాం. ఆ మాట ముందుగా అనేది కూడా చాలాసార్లు ఆ పని చేస్తున్నవాళ్లే, ఎవరైనా అడిగేలోపే సంజాయిషీ సిద్ధం చేసుకున్నట్టు. పుస్తకం, సినిమా, అల్లిక అనే ఈ మూడింటినీ ఒక గాటన కట్టడానికి కారణం ఇవి ఇంట్లో కూర్చుని చేసేవి కావడం కాదు. ఇంట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరతాం, పిల్లల ఫీజుల లెక్కలూ వేస్తాం. వీటి రుచి మరోచోట ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తేల్చేది మనమే అయినప్పుడు మాత్రమే ఇవి సుఖాలు. ఆ అధికారం చేజారిందా, అదే పుస్తకం పరీక్ష అవుతుంది, అదే సినిమా నిద్ర చెడగొడుతుంది, అదే అల్లిక కూలిపని అవుతుంది.

ఇది మాటల గారడీ కాదనడానికి పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురమే సాక్ష్యం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టా స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. కొక్కెం ఉన్న చిన్న సూది, నూలు దారం, ఓపిక ఉంటే చాలు. ఆ లేసు సముద్రాలు దాటి పరదేశపు బల్లల మీద గుడ్డలుగా, మంచాల మీద దుప్పట్లుగా పరుచుకుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీల జీవితాన్ని పరిశీలించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆమె చూపించిన విషయం సూటిగా గుచ్చుకుంటుంది. ఆ స్త్రీలు ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. అయినా వ్యాపారుల దృష్టిలో, ఇంటివాళ్ల దృష్టిలో, కొన్నిసార్లు తమ దృష్టిలోనూ వాళ్లు కార్మికులు కారు. తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్న గృహిణులు. తీరిక పని అన్న ముద్ర పడితే కూలి పెంచమని అడగడం కుదరదు కదా. పొలం కూలికి ప్రభుత్వం ఒక కనీస వేతనమైనా నిర్ణయించింది, లేసుకు అందులో కొంత మాత్రమే దక్కేది. పని కూడా ముక్కలైపోయింది. పువ్వులూ బిళ్లలూ అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. తాను వేసిన పువ్వు ఏ దుప్పట్లో చేరిందో అల్లిన మనిషికి కనిపించదు. ఒకే సూది, ఒకే దారం, అవే వేళ్లు. మనవరాలి గౌనుకు అంచు అల్లే చేతికీ, ఏజెంటు లెక్క కోసం బిళ్లలు అల్లే చేతికీ తేడా నైపుణ్యంలో లేదు. మొదటి చేయి నిద్రొస్తే ఆగుతుంది. రెండో చేయి ఆగాలంటే డబ్బు లెక్క చూసుకోవాలి.

కాబట్టి ‘తీరిక’ అన్న మాటను ఎవరు ఎవరి గురించి వాడుతున్నారో కనిపెట్టి ఉండాలి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం ఇరవై నాలుగు గంటల్లో మన జనం ఏం చేస్తున్నారో అరగంట అరగంటగా లెక్కగట్టింది. జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అందులో గడిపారు. పిల్లలనూ పెద్దలనూ చూసుకోవడానికి ఆడవాళ్లకు 134 నిమిషాలు, మగవాళ్లకు 76. (2024లో మళ్లీ లెక్కగడితే ఇంటిపని 289, 88 నిమిషాలకు దిగింది. ఇద్దరికీ ఇంచుమించు పదేసి నిమిషాలు తగ్గాయి. సమానత్వం అక్కడైనా కనిపించింది.) అసలు ఆశ్చర్యం 2019 పట్టికలోనే మరో వరుసలో ఉంది. టీవీ, చదువు, ఆటపాటల్లాంటి వినోదాలకు మగవాళ్లు వెచ్చించింది 164 నిమిషాలు, ఆడవాళ్లు 165. అంటే లెక్క ప్రకారం సుఖం సరిసమానం! ఇంకెక్కడి ఫిర్యాదు అని ఎవరైనా అడగవచ్చు. కానీ పట్టిక నిమిషాల్ని కూడుతుందే తప్ప ఆ నిమిషాలు ఎన్ని ముక్కలయ్యాయో చెప్పదు. కుక్కరు కూతకు రెండుసార్లు, గుమ్మంలో పిలుపుకు ఒకసారి, ‘నా చార్జరెక్కడ’ అన్న కేకకు ఒకసారి లేచిన అరగంటా అరగంటే, తలుపేసుకుని చూసిన అరగంటా అరగంటే. తీరికను గంటలతో కొలిస్తే సగం నిజమే తెలుస్తుంది. మిగతా సగం, మధ్యలో లేపే అధికారం ఎవరికుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఈ ముక్కల కాలంలో ఇమిడిపోగల సుఖంగా పుస్తకం మన ఇళ్లలో నిలబడింది. అందుకు వెనక పెద్ద ప్రయత్నమే ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టాయి. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా గ్రంథాలయం కావాలని తిరిగారు. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. చదువరి రాలేకపోతే పుస్తకమే రేవు దగ్గరికి వెళ్లాలన్నది ఆ పడవ తర్కం. తర్వాత వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల షాపులు ఆ తర్కాన్ని వంటింటి గుమ్మం దాకా తెచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి నవలలు చేతులు మారి మారి అట్టలూడిపోయాయి. ‘మీనా’, ‘జీవన తరంగాలు’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో సినిమాలయ్యాయంటే నిర్మాతలు ఆ చిరిగిన అట్టల్ని లెక్కపెట్టుకున్నారని అర్థం. ఆడవాళ్లు నవలలు చదివి చెడిపోతున్నారన్న గోల కూడా ఆ రోజుల్లోదే. కలల రాజకుమారులను నమ్మి సంసారాలు మర్చిపోతారని భయం. ఆ కథల్లో కలలు మోతాదు మించాయన్నది ఒప్పుకోవచ్చు. అయితే గోల చేసినవాళ్లకు కథ కంటే ఎక్కువ ఇబ్బంది కలిగించింది మరొకటని నా అనుమానం: ఇంట్లో ఒక మనిషి పిలిస్తే వెంటనే పలకకపోవడం. పేజీ చివరిదాకా వెళ్లి, కొస మడిచి, అప్పుడు ‘ఆఁ’ అనడం. సీరియల్లో ‘సశేషం’ అన్న మాట కథను ఆపేది, నిజమే, కానీ తర్వాతి వారందాకా ఆ కథను నడిపే బాధ్యత పాఠకురాలికే వదిలేది. 1978లో ‘చతుర’ నెలకో పూర్తి నవల ఇవ్వడం మొదలుపెడితే ఆపడం కూడా ఆమె చేతికే వచ్చింది.

సినిమా కథ దీనికి తలకిందులు. హాల్లో ఆపే అధికారం ప్రొజెక్టరు ఆడించేవాడిది. విశ్రాంతి ఎప్పుడో దర్శకుడు ముందే రాసిపెట్టాడు. దూరదర్శన్ కాలంలో వారానికి ఒక్క తెలుగు సినిమా వస్తే ఇంటి పనులన్నీ దాని చుట్టూ జరిగేవి. 1995లో ఈటీవీ వచ్చాక సినిమాలు రోజువారీ అయ్యాయి, ప్రకటనల మధ్య ముక్కలూ అయ్యాయి. ఇప్పుడు ఓటీటీలో మీట మన చేతిలోనే ఉంది కాబట్టి చివరికి ప్రేక్షకుడే రాజు అనిపిస్తుంది. అక్కడే మోసం ఉంది. ఒక ఎపిసోడు అయిపోగానే తర్వాతిది తనంతట తానే మొదలయ్యే ఏర్పాటును నెట్‌ఫ్లిక్స్ 2012లోనే తెచ్చింది. మీకు పోటీ ఎవరన్న ప్రస్తావన వచ్చినప్పుడు ఆ సంస్థ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో జనం నిద్రనే పోటీదారుగా పేర్కొన్నారు. ఇంత నిజాయితీగా చెప్పాక మనం అమాయకులమని అనుకోవడం తగదు. మునుపు చూడాలంటే మీట నొక్కాలి, ఇప్పుడు ఆపాలంటే నొక్కాలి. తేడా చిన్నదే, కానీ బద్ధకాన్ని ఎవరి పక్షాన నిలబెట్టారో చూడండి. అదే ఇంట్లో, అదే తెర మీద 1957 నాటి ‘మాయాబజార్’ పెట్టుకుంటే వ్యవహారం మారిపోతుంది. మూడు గంటలు దాటిన ఆ సినిమాను ఎవరూ కథ తెలుసుకోవడానికి చూడరు. ఘటోత్కచుడు పెళ్లివారి విందు ఖాళీచేసే చోటు నుంచి చూడవచ్చు, పాట దగ్గర ఆపవచ్చు, మిగతాది రేపు చూడవచ్చు. తెలిసిన కథ మనల్ని తొందరపెట్టదు. చూసిన సినిమానే మళ్లీ చూడటంలో బద్ధకం లేదు. తర్వాతేమవుతుందన్న ఎరకు చిక్కకుండా సినిమాను సినిమాగా చూసే వీలు అందులోనే ఉంది.

అల్లికకు ఈ ఎర అసలు లేదు. రెండు సూదులు, వాటి మీద ఒకదాని పక్కన ఒకటి ఉచ్చులు. ఒక సూది మీది ఉచ్చులన్నీ రెండో దాని మీదికి చేరితే ఒక వరస. మధ్యలో వదిలేస్తే ఉచ్చు జారుతుంది, జారిన ఉచ్చు కింది వరసల్నీ లాక్కుపోతుంది. ‘ఈ వరస అయ్యాక వస్తా’ అన్న జవాబులో అందుకే మొండితనం లేదు, సాంకేతిక అవసరం ఉంది. ఇంట్లో ఆడమనిషి పిలుపును వాయిదా వేయడానికి ఇంత మర్యాదైన కారణం మరొకటి దొరకదు. చేతులు అలవాటు పడ్డాక కళ్లు, చెవులు ఖాళీ అవుతాయి. పాత సినిమా వింటూ, మాట్లాడుతూ అల్లవచ్చు. దీనివల్ల మనసు కుదుటపడుతుందని చెప్పే ఆధారాలూ ఉన్నాయి. 2013లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అంతర్జాతీయ సర్వేలో 3,545 మంది జవాబిచ్చారు. తరచుగా అల్లేవారే ఎక్కువ ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామన్నారు. అయితే వాళ్లంతా అల్లికను ఇష్టపడి అల్లేవాళ్లే. గుడి మెట్ల మీద నిలబడి దేవుడున్నాడా అని అడిగితే వచ్చే జవాబు లాంటిదే ఇదీ. నరసాపురం ఏజెంటు ముందు అదే ప్రశ్న వేసి చూడాలి, అప్పుడు తెలుస్తుంది ప్రశాంతత దారంలో ఉందో, దారం ఎవరిదన్నదాంట్లో ఉందో.

మనది ఎండల దేశం, ఊలు పని మనకెందుకన్నది తేలికైన అభ్యంతరం. బారసాలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు అల్లని తెలుగు వీధి లేదు. నూలు దారంతో టీవీ మీద గుడ్డలు, గుమ్మానికి తెరలు వేసుకున్నాం. అమెరికా చలి రాష్ట్రాలకు పురిటికి వెళ్లే అమ్మమ్మలకు ఊలు అక్కరకొస్తూనే ఉంది. బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇంట్లో కూర్చుని సుఖపడమనడం ఆడవాళ్లను మళ్లీ ఇంటికే కట్టేయడం కాదా? హాల్లో వెయ్యిమంది ఒక్కసారిగా నవ్వే నవ్వు, గ్రంథాలయం బల్ల దగ్గర వాదన, ఇవి సోఫాలో దొరుకుతాయా? దొరకవు. హాలు నవ్వుకు ఇల్లు బదులు కాదని ఒప్పుకోవాల్సిందే. కానీ బయటికెళ్లే స్వేచ్ఛ వచ్చినంత మాత్రాన ఇంట్లో తీరిక దానంతటదే రాదు. ఉద్యోగం చేసి వచ్చిన మనిషిని గుమ్మంలో ఎదురుచూసేది ఆ 299 నిమిషాలే. పైగా ఇంటి చదువు ఒంటరి చదువేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం 1960లో వచ్చింది. అప్పటి నుంచి ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఆ డబ్బుకు తగ్గ పుస్తకాలు శాఖా గ్రంథాలయం నుంచి ఇంటికి రావాలని అడగడం కూడా తీరిక గురించిన పోరాటమే.

ఇక ఈ మధ్య బాగా వినిపించే మాట: ఇంత బాగా అల్లుతున్నావు, అమ్మొచ్చు కదా? ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టు, ఆర్డర్లు వస్తాయి. ఇది మెచ్చుకోలుగానే వస్తుంది. డబ్బు చేతికొస్తేనే ఆ గంటను ఆమెకు వదిలేసే ఇళ్లు ఉన్నాయన్నదీ నిజం. అలాంటిచోట అమ్మకమే ఆమె తీరికకు కాపలా. కాబట్టి అమ్మడం తప్పని అనలేం. అమ్మితే గంటల లెక్కన ధర కట్టాలన్నదే ముఖ్యం. దారం ఖరీదు మీద ఇంకో యాభై వేసి ఇవ్వడం నరసాపురం పాత లెక్కే. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర సరుకుకు పడింది, సంతోషం. గంటకు ఎంతన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అమ్మకూడదనుకున్న దానికి మాత్రం ఏ లెక్కా చెప్పనక్కర్లేదు. ప్రతి సుఖాన్నీ ఆదాయంగానో ఆరోగ్యంగానో తర్జుమా చేస్తేనే గౌరవం దక్కుతుందంటే ‘ఏదో కాలక్షేపం’ అన్న సంజాయిషీకి మనం కొత్త బట్టలు తొడిగామన్నమాటే.

అల్లిక తెలిసినవాళ్లు ఈ విషయంలో ఎప్పుడో తేల్చుకున్నారు. పసిబిడ్డ స్వెటర్ ముక్కలు ముక్కలుగా దొరికిన మధ్యాహ్నాల్లో అల్లేసరికి బిడ్డ చేతులు దాని చేతుల్ని దాటిపోతాయి. అప్పుడు అంచు కొస పట్టి లాగి మొత్తం ఊడదీస్తారు. ఊడిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. దాన్ని చిలపగా చుట్టి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, కింద కాస్త బరువు వేలాడేసి నీడలో ఆరబెడితే మర్నాటికి సాఫీ అవుతుంది. మళ్లీ ఉండ చుట్టి, ఈసారి పది ఉచ్చులు ఎక్కువ వేసుకుని, మొదటి వరస మొదలుపెడతారు.